మౌనం గడువులో ఒక ఫోన్ కాల్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను డబ్లిన్‌కు పంపారు. మా ప్రాంతీయ కూటమిలోని ఒక సభ్యదేశాన్ని సైన్యం చేజిక్కించుకుని అప్పటికి కొంతకాలమైంది. ఎన్నికైన నాయకులు జైళ్ళలో ఉన్నారు. వాళ్ళతోపాటు బడిపంతుళ్ళు, విద్యార్థులు కూడా ఉన్నారు. ఆ ప్రభుత్వంతో మాట్లాడడానికి కూటమి ఒక ప్రత్యేక రాయబారిని నియమించింది. మా ప్రాంతంలో ఏ రాజధానిలో కూర్చున్నా ఎవరో ఒకరికి అభ్యంతరమే కాబట్టి, ఎవరికీ కోపం రాని ఊరని డబ్లిన్‌లో ఆమెకు ఆఫీసు పెట్టారు.

ఆమె దగ్గర నేను ముసాయిదా అధికారిని. అంటే, దేశాలు పోట్లాడుకున్న తర్వాత, అవి పోట్లాడుకోలేదని అనిపించేలా ప్రకటన రాసిపెట్టే మనిషిని. ముప్పై ఏళ్ళ సర్వీసులో పైవాళ్ళు నా గురించి మెచ్చుకోలుగా రాసిన మాట ఒక్కటే: రావు చాలా మర్యాదస్థుడు. అది ప్రతిభ కిందికి వస్తుందని నేను చాలాకాలం నమ్మాను.

మా అమ్మాయి స్వాతి బోమాంట్ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇల్లు డబ్లిన్ శివార్లలోని స్వోర్డ్స్‌లో. ఆఫీసువాళ్ళు ఇస్తామన్న గది వద్దని నేను వాళ్ళింట్లోనే ఉండి, రోజూ బస్సులో ఊళ్ళోకి వెళ్ళేవాణ్ణి. ఒక ఆదివారం స్వాతి తన స్నేహితురాలు నయోమిని వెంటబెట్టుకొచ్చింది. నయోమిది ఆ సైనిక ప్రభుత్వం ఏలుతున్న దేశమే. ఇక్కడ నర్సు. ఆమె తమ్ముడు శామ్యూల్ బళ్ళో లెక్కలు చెప్పేవాడు. ఊరేగింపులో నడిచాడని పట్టుకెళ్ళి రాజధానిలోని జైల్లో పెట్టారు. అలా పట్టుబడినవాళ్ళ పేర్లు, వయసులు, ఉన్న జైళ్ళు అన్నీ ఇతర దేశాల్లో ఉన్న బంధువుల ద్వారా కనుక్కుని ఆమె రెండు పేజీల జాబితా తయారుచేసింది.

నేను కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఇంటిపేర్ల వరుసలో రాస్తే బాగుండేది అన్నాను.

“మాలో చాలామందికి ఇంటిపేరు ఉండదు అంకుల్,” అంది నయోమి. “మా తమ్ముడిది పదిహేడో నంబరు.”

మార్జిన్ ఇంకాస్త ఉండాలన్నాను. స్వాతి విసుక్కుంది. “నాన్నా, ఆ పిల్ల మూడు డ్యూటీలు వరసగా చేసొచ్చింది. నువ్వు మార్జిన్లంటావేంటి? ముందు కూర్చోమను.”

మా వృత్తిలో పేరుకు ఒక విలువ ఉంది. ‘ఖైదీలందరి పట్ల మానవత్వంతో మెలగాలి’ అని ఎన్ని ప్రకటనలు చేసినా జైలు అధికారికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే, ఫలానా శామ్యూల్, ఫలానా జైలు అని పొరుగు దేశాలన్నీ కలిసి ఒక కాగితం మీద రాశాయంటే, పైనుంచి ఎవరో ఫోన్ చేసి ఆ మనిషి ఎక్కడున్నాడని అడుగుతారు. ఆ తర్వాత అతన్ని మాయం చేయడం కష్టం. రాయబారిగారు ఆ జాబితాను విడిగా సరిచూపించి, ప్రకటనకు అనుబంధంగా చేర్చమన్నారు.

ఏప్రిల్‌లో సభ్యదేశాల ప్రతినిధులు మూడు రోజులు కూర్చున్నారు. సైనిక ప్రభుత్వాన్ని పిలవలేదు కాబట్టి మిగిలింది ఎనిమిది దేశాలు. ఏడింటికి అనుబంధం సమ్మతమే. ఎనిమిదో దేశానికి ఆ సైనిక ప్రభుత్వ దేశంతో సరిహద్దు ఉంది, వ్యాపారం ఉంది. దాని ప్రతినిధి హోదాకు కౌన్సెలర్, అంటే రాయబార కార్యాలయంలో మూడో స్థాయి అధికారి. నెమ్మదైన మనిషి. రాజధానిలోని తమవాళ్ళను అడగాలని ఒక్కటే మాట చెప్పి మూడు రోజులూ గడిపాడు. చివరికి రాయబారిగారు ముసాయిదాను మౌన పద్ధతిలో పెట్టారు.

మౌన పద్ధతి అంటే, ముసాయిదాను అందరికీ పంపి ఒక గడువు చెప్తాం. గడువులోగా ఎవరూ అభ్యంతరం రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. రాస్తే మౌనభంగం, మళ్ళీ మొదటికి. ఆ గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలు.

శుక్రవారం పదకొండు దాటినా కౌన్సెలర్ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. నేను సంతోషించాల్సిన సమయం అది. నేను కంగారుపడ్డాను. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రతినిధి గడువు మరిచిపోయి, తనకెవరూ గుర్తుచేయలేదని మా పైఅధికారి ముందు గొడవ చేశాడు. ఆనాటి చీవాట్లు నేను మరిచిపోలేదు. పైగా ఈ కౌన్సెలర్ నా ముసాయిదాలు చదవడానికి హాయిగా ఉంటాయన్నాడు. అలాంటివాడు పొరపాటున ఇరుక్కుంటే ఎలా?

ఆయన ఆఫీసు ఫోన్‌కు చేశాను. కలవలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎప్పుడో ఇచ్చిన సొంత నంబరు వెతికి దానికి చేశాను. ఎత్తాడు. కూతురు యూనివర్సిటీలో చేరబోతోందని, గది వెతకడానికి పడమటి తీరంలోని గాల్వే ఊరు వచ్చానని అన్నాడు. అద్దెల సంగతి కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత గడువు గుర్తుచేశాను.

“నాకు తెలియజేశామని మీరు ఎక్కడైనా రాస్తారా, మిస్టర్ రావు?” అన్నాడు.

“రాస్తానండీ, ఫైల్లో నోట్ పెడతాను. రేపు మీకు మాట రాకూడదు కదా,” అన్నాను. ఆయన క్షేమం కోసమే అనుకున్నాను.

పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా ఒక్క వాక్యం ఈమెయిల్ వచ్చింది. మౌనభంగం.

రాయబారిగారు నన్ను పిలిచారు. “చివరి నిమిషంలో ఈయనకెలా గుర్తొచ్చింది?”

“నేనే గుర్తుచేశానండీ.”

“మిగతా ఏడుగురికీ చేశారా?”

“లేదండీ. వాళ్ళకు అభ్యంతరం లేదని తెలుసు కదా.”

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అంటే, అభ్యంతరం ఉన్న ఒక్కణ్ణీ వెతికి పట్టుకుని మరీ చెప్పారు.”

నిష్పక్షపాతం అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఎనిమిదిమందిలో ఒక్కరికే ఫోన్ చేసినవాడు ఆ మాట అనలేడని తట్టి మింగేశాను. నిబంధనల పుస్తకంలో గుర్తుచేయమని ఎక్కడా లేదు. ముసాయిదా పంపడంతో మా బాధ్యత తీరిపోతుంది. పేర్లు తీసేస్తే అభ్యంతరం లేదని ఎనిమిదో దేశం అంది. ఆ సాయంత్రం ప్రకటన అనుబంధం లేకుండా వెలువడింది. ‘ఖైదీలందరి పట్ల మానవత్వంతో మెలగాలి’ అన్న వాక్యం నేనే రాశాను. చదవడానికి హాయిగా ఉంది.

నయోమికి ఒక సభ్యదేశం ఒప్పుకోలేదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. అలాంటి వాక్యాలు రాయడమే నా ఉద్యోగం.

మే నెలలో శామ్యూల్‌ను రాజధాని జైలు నుంచి మార్చారు. ఎక్కడికో ఇంటివాళ్ళకు చెప్పలేదు. శరదృతువులో రాయబారిగారు పట్టుబట్టి, ఎనిమిదో దేశాన్నీ ఒప్పించి, తర్వాతి ప్రకటనలో పేర్లు చేర్పించారు. మీరు చెప్పిన జైల్లో శామ్యూల్ అనేవాడు లేడని సైనిక ప్రభుత్వం జవాబిచ్చింది. అది నిజమే.

కౌన్సెలర్ బదిలీ అయి వెళ్తూ విందు ఇచ్చాడు. నన్ను ఒక పక్కకు తీసుకెళ్ళాడు.

“మా అమ్మాయికి గది అంతకు ముందు నెలలోనే దొరికింది, మిస్టర్ రావు,” అన్నాడు. “ఆ రోజు గాల్వేలో సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాను. ఆఫీసు ఫోన్ కట్టేసి పన్నెండు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. అభ్యంతరం చెప్పమని మావాళ్ళ ఆదేశం. మరిచిపోయానంటే ఒక గంట తిట్లు తినేవాణ్ణి. ఆ మాత్రం తినగలను. తెలియజేసినట్టు ఫైల్లో ఉన్నాక ఇంకేం చెయ్యను?”

తన తప్పు నా నెత్తిన రుద్దుతున్నాడేమోనని కొన్నాళ్ళు ఆశపడ్డాను. ఫైల్లో నా నోట్ మళ్ళీ చదివాక ఆ ఆశ నిలవలేదు. సంతకం, సమయం అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

పదవీ విరమణ తర్వాత నేను స్వోర్డ్స్‌లోనే ఉండిపోయాను. నయోమి ఒకరోజు ఇంటికి వచ్చినప్పుడు జరిగింది చెప్పాను.

“మీరు ఫోన్ చెయ్యకపోతే వాడి పేరు అందులో ఉండేదా?” అని అడిగింది.

“ఉండేది.”

“ఇన్నాళ్ళూ ఆ ఒప్పుకోని దేశాన్ని తిట్టుకున్నాను అంకుల్,” అంది. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. వారం తర్వాత, తమ దేశంలోని ఒక్కొక్క జైలుకూ విడివిడిగా ఉత్తరాలు రాసిపెట్టమంది. అప్పటినుంచి నెలకొకటి రాస్తున్నాను. మర్యాద ఎక్కువైన చోట ఆమె కొట్టేస్తుంది. ఇంతవరకు ఏ జైలు నుంచీ జవాబు లేదు. అతన్ని మార్చడానికి నా ఫోనే కారణమని నేను చెప్పలేను. కాదని చెప్పే హక్కూ నాకు లేదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా అడిగితే ఒకటే చెప్తాను. గడువు దగ్గరపడినా ఒక ప్రతినిధి పలకడం లేదంటే మరిచిపోయాడని అనుకోకండి. అతను చేయగలిగిన మంచి అంతే అయివుండవచ్చు. ఫోన్ ముట్టుకోకుండా, పన్నెండు కొట్టేదాకా మీ కుర్చీలో మీరు కూర్చోండి.