మంచం మీంచి చూస్తే

మా వదిన మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు తక్కువ. వీధిలో అందరూ ఆమెను టేపక్క అంటారు. ఆమె రోమన్ బ్లైండ్లు కుడుతుంది. తాడు లాగితే మడతలు మడతలుగా పైకి పోయి కిటికీ నెత్తిన కూర్చునే తెరలు అవి. నేను ఆమె మరిదిని. డ్రిల్లు నాది, మాట ఆమెది. పదకొండేళ్ళుగా ఆమె వేలు పెట్టి చూపించిన చోట తప్ప నేను ఏ గోడకీ చిల్లు పెట్టలేదు.

బట్ట ఎంచడంలో ఆమె ఎవరి మాటా వినదు. షాపులో నచ్చింది కదా అని కొననివ్వదు. ముక్క తెచ్చి కిటికీకి అడ్డంగా పట్టుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడమంటుంది. వెనకనుంచి వెలుగు పడితేగానీ అసలు రంగు తేలదట. పెద్ద పెద్ద పువ్వులు కావాలన్నవాళ్ళకి మడతలో పువ్వు ఎలా సగానికి తెగిపోతుందో చూపించి నోరు మూయిస్తుంది. ఇక బ్లైండు ఫ్రేము లోపలే అమరాలి. బయట గోడకి బిగించడమంటే ఆమెకు చిరాకు. "చొక్కా మీద బనీను తొడుక్కున్నట్టుంటుంది" అంటుంది. లోపల అమరాలంటే కొలత వెంట్రుకవాసి తప్పకూడదు. ఆమె తప్పదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మనకూ తెలియజేస్తూ ఉంటుంది.

ఆమె కుట్టిన మొదటి బ్లైండు ఇంకా మా ఇంట్లోనే ఉంది. అన్నయ్య మంచాన పడ్డ ఏడాది, ఎండ మొహాన కొడుతోందని ఆయన గదికి కుట్టింది. లేత బూడిదరంగు బట్ట, నిండుగా ఐదు మడతలు. అన్నయ్యను పలకరించడానికొచ్చినవాళ్ళు బ్లైండు ఎక్కడిదని అడిగి వెళ్ళేవారు. ఎనిమిది నెలలకి అన్నయ్య పోయాడు, ఆర్డర్లు మిగిలాయి. ఇప్పటికీ కొత్తవాళ్ళు వస్తే ఆ గదిలోకే తీసుకెళ్ళి చూపిస్తుంది.

పోయిన నెల ఒక నర్సు వచ్చింది. వాళ్ళ నాన్న క్రేను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. మధ్యాహ్నం ఎండ ఆయన కళ్ళలో పడుతోందట. వదిన వెళ్ళి కిటికీ వెడల్పు పైన, మధ్యలో, కింద కొలిచి అన్నిటికన్నా చిన్నది రాసుకుంది. గోధుమరంగు బట్ట ఎంచింది, వెలుగు ఆగేలా వెనక లైనింగు వేసింది. నేను బిగించాను. ఫ్రేములో అతికినట్టు సరిపోయింది.

"ఎలా ఉంది బాబాయ్ గారూ?" అని అడిగింది వదిన.

"బాగుందమ్మా" అన్నాడాయన.

నాలుగోరోజు నర్సు ఫోను చేసింది. బ్లైండు పెట్టినప్పటినుంచి నాన్న గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు, సరిగా తినడం లేదు, అడిగితే ఏమీ చెప్పడు, ఒకసారి వచ్చి చూస్తారా అంది. వదినకు ఒళ్ళు మండింది. "ఆయన తినకపోతే నా కుట్టేం చేసిందయ్యా?" అని నామీద విసుక్కుంటూనే బయల్దేరింది.

వెళ్ళగానే మళ్ళీ కొలిచింది. ఎక్కడా తేడా లేదు. తాడు లాగి మొత్తం పైకెత్తింది. మడతలు సమంగానే ఉన్నాయి. కింది అంచు వంకరపోయిందేమో చూద్దామని మంచం పక్కన నేల మీద కూర్చుంది. తల దిండు ఎత్తుకి వచ్చింది. అక్కణ్ణుంచి కిటికీవైపు చూసి అలాగే ఉండిపోయింది.

నేనూ వంగి చూశాను. పైన మడతలు. వాటి కింద ఎదురు మేడ సిమెంటు గోడ. అంతే.

"బాబాయ్ గారూ, ఇంతకుముందు మీకు ఇక్కణ్ణుంచి ఏం కనిపించేది?"

ఆయన కిటికీవైపు తల తిప్పాడు. "క్రేనమ్మా. ఆ మేడ వెనకాల ఏదో కడుతున్నారు. ఆ నడిపేవాడికి బరువు దించడం చేతకాదు, ఊపేస్తాడు. రోజూ వాణ్ణి తిట్టుకుంటూ చూసేవాణ్ణి."

"మరి బాగుందన్నారేం?"

"కష్టపడి కుట్టావు కదమ్మా."

వదిన నావైపు తిరిగింది. "విప్పు. ఫ్రేము బయట, అడుగున్నర పైన గోడకి బిగిద్దాం."

"చొక్కా మీద బనీనా?" అన్నాను.

"నోర్మూసుకుని విప్పవయ్యా."

ఇంటికి తెచ్చి రెండు పక్కలా, కిందా ముదురు రంగు పట్టీ అతికి పెద్దది చేసింది. అతుకంటే మొహం చిట్లించే మనిషి ఈసారి చిట్లించలేదు. మూడోరోజు వెళ్ళి బిగించాను. పైకెత్తితే మడతలన్నీ గోడ మీదే ఆగిపోయి అద్దం మొత్తం ఖాళీగా మిగిలింది. అందులో క్రేను చెయ్యి మెల్లగా ఇటు తిరుగుతోంది. దుప్పటి మీద ఆయన వేళ్ళు కదిలాయి. "నెమ్మదిరా, నెమ్మది" అన్నాడు. మమ్మల్ని కాదు.

దారంతా గొప్పలు చెప్పుకుంటుందనుకున్నాను. త్వరగా ఇంటికి పదమంది. ఇంటికి రాగానే నేరుగా అన్నయ్య గదిలోకి వెళ్ళింది. ఆయన మంచం ఉండేచోట ఇప్పుడు కుట్టుమిషను ఉంది. దాన్ని పక్కకి జరిపి నేల మీద కూర్చుంది. బ్లైండు ఎత్తే ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ గదిలో నిలబడితే పక్కింటి డాబా, దానిమీద బోలెడంత ఆకాశం కనిపిస్తాయి. కూర్చుంటే ఐదు మడతలు, వాటి కింద పక్కింటి గోడ.

"మీ అన్నయ్య కూడా బాగుందనే అన్నారు" అంది వదిన.

నాకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, డ్రిల్లు తీసుకురానా అని అడిగాను.

"ఇప్పుడెవరికి?" అంది.