పన్నెండో నంబరు

"ఎడమవైపు కూర్చున్నవాళ్లు అదృష్టవంతులు. కుడివైపువాళ్లు మొహాలు ముడుచుకోకండి, మలుపు తిరగ్గానే మీ అదృష్టం మొదలవుతుంది."

ఆ సీజన్లో గైడు మైకులో ఈ మాట చెప్పడం అది తొమ్మిదోసారి. బస్సులో ముప్పై నాలుగు మంది నవ్వారు. ఎప్పుడూ నవ్వుతారు. ఆ నవ్వు అణగడానికి పట్టే మూడు క్షణాల్లో ఆమె ఒక గుక్క నీళ్లు తాగింది. తర్వాత మంచుకొండ ఎత్తు ఎన్ని మీటర్లో చెప్పింది. కొండ వైపు మాత్రం చూడలేదు.

ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు ఈ దారి మీదే గడిచాయి. ఎనిమిది రోజులు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న మూడు కొండదేశాలు. ఒక రాతికోట, రెండు మఠాలు, చేతిరాత పుస్తకాలున్న ఒక గ్రంథాలయం, ఒక నేతమ్మ ఇల్లు. ఏ మెట్టు దగ్గర ఏ వయసువాళ్లు కూలబడతారో, ఏ కిటికీ దగ్గర ఫొటోల కోసం తోసుకుంటారో నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు. డ్రైవరు ఆమెను అక్కా అని పిలుస్తాడు, ప్రయాణికులు మేడమ్ అంటారు. ఇంట్లో పేరుపెట్టి పిలిచే మనిషి ఒక్కతే ఉండేది, సొంత అక్క. సైకిళ్ల రిపేరు కొట్టు మీద రెండు గదుల్లో ఇద్దరూ ఇరవై రెండేళ్లు కలిసి ఉన్నారు. అక్క ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే ఉద్యోగం చేసి రిటైరైంది. చెల్లెలు టూరు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే, "ఈసారి ఎవర్ని పోగొట్టుకొచ్చావే?" అని అడిగేది. పంతొమ్మిదేళ్లలో ఒక్కర్ని కూడా పోగొట్టలేదు కాబట్టి అది ఇద్దరికీ నవ్వులాటే.

ఆ అక్క మార్చిలో పోయింది. గైడు వారం తిరక్కుండానే డ్యూటీకి వచ్చేసింది. ఏడవలేదు. ఏడుపు రావట్లేదేమిటా అని కూడా అనుకోలేదు. పంటి డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో అలా ఉంది మనిషి మొత్తం. నోరు కదులుతోంది, మాట బయటికి వస్తోంది, అంతే.

ఆ మొద్దుబారడం వల్ల ఒకే ఒక్క పని మారింది. అది ఎవరికీ తెలియదు. పూర్వం బస్సు కదిలే ముందు ఆమె సీట్ల మధ్య చివరిదాకా నడిచి, ఒక్కొక్క సీటు వీపు మీద చెయ్యి వేసి తలలు లెక్కపెట్టేది. ఈ సీజన్లో ముందే నిలబడి నంబర్లు పిలిపిస్తోంది. మొదటి రోజు ఉదయమే ప్రతి ప్రయాణికుడికీ ఒక నంబరు ఇస్తారు. ఒకటి, రెండు, మూడు అని వరసగా ఎవరి నంబరు వాళ్లు అరుస్తారు, ఆమె కాగితం మీద టిక్కు పెట్టుకుంటుంది. నలభై సెకన్లలో అయిపోతుంది.

ఈ పిలుపు అంటే పదకొండో నంబరుకు మహా ఇష్టం. ఆయన బడిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారు. రెండో రోజునుంచే, "ఛాతీలోంచి రావాలండీ నంబరు, ముక్కులోంచి కాదు!" అని వెనక సీట్లవాళ్లకు శిక్షణ మొదలుపెట్టాడు. పన్నెండో నంబరు ఆయన భార్య. దుప్పట్ల మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేసింది, బట్టలో తప్పులు పట్టే విభాగంలో. మాట తక్కువ. ఆవిడ నోరు తెరిచేలోగానే మాస్టారు "పదకొండు, పన్నెండు!" అని రెండూ కలిపి అరిచేసేవాడు. మలుపుల్లో కడుపులో తిప్పుతుందని ఆయన డ్రైవరు వెనక సీట్లోకి మారాడు. ఆవిడ మాత్రం చివరి వరసలో కిటికీ పక్కనే ఉండిపోయింది.

ఆరో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేతమ్మ ఇంటి ముందు బస్సు ఎక్కారు. నంబర్లు పిలిచారు. పదకొండు, పన్నెండు గట్టిగా వినిపించాయి. గైడు టిక్కులు పెట్టింది. బస్సు కదిలింది.

ఇరవై రెండు కిలోమీటర్ల తర్వాత సరిహద్దు చౌకీ వచ్చింది. రెండో దేశంలోంచి మూడో దేశంలోకి దాటాలి. ఈ గుంపుకి ఉన్నది ఉమ్మడి వీసా, అంటే ఒకే కాగితం మీద ముప్పై నాలుగు పేర్లు. లోపలికి అందరూ కలిసే రావాలి, బయటికి అందరూ కలిసే పోవాలి. ఒక్కరు తగ్గినా మిగతావాళ్లకు ముద్ర పడదు. తప్పు గైడుదని తేలితే పర్మిట్టు పోతుంది. చౌకీ అయిదింటికి మూస్తారు. అప్పుడు టైము మూడూ ఇరవై.

చౌకీ అధికారి కళ్లజోడు సర్దుకుని బస్సు గుమ్మంలో నిలబడి నంబర్లు చదివాడు. "పన్నెండు?"

"హాజరు!" అన్నాడు మాస్టారు.

"మీరు పదకొండు కదండీ. పన్నెండు ఏదీ?"

"ఉందిగా వెనకాల."

మాస్టారు తల తిప్పాడు. చివరి వరసలో కిటికీ పక్కన ఊలు స్వెటరు, సగం తిన్న బిస్కట్ల పొట్లం ఉన్నాయి. మనిషి లేదు.

ఫోను చేశారు. మాస్టారి చొక్కా జేబే మోగింది.

"నీ దగ్గరుంటే పడేస్తావని నేనే తీసుకున్నానే..." అన్నాడాయన, లేని మనిషితో. 

ఎనిమిదో నంబరు, రిటైరైన నర్సమ్మ, ఊరుకోలేకపోయింది. "ఫోనూ మీ జేబులోనే, నంబరూ మీ నోట్లోనే. ఇంకేం మిగిల్చారండీ ఆవిడకి?"

"ముప్పై నాలుగేళ్లుగా నేనే చెప్తున్నానమ్మా. రేషన్ ఆఫీసులో నేనే, బ్యాంకులో నేనే. ఎప్పుడూ పక్కనే ఉండేది!" మాస్టారి గొంతు మొదటిసారి ముక్కులోంచి వచ్చింది.

గైడు గుండె గుభేలుమనాలి. అనలేదు. కాగితంలో పన్నెండు పక్కన తను పెట్టిన టిక్కును చూసింది. తిన్నగా, అందంగా ఉంది.

"బస్సు తిప్పనా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"ఈ ఇరుకులో తిప్పగలవా తమ్ముడూ?"

"ఎనిమిది కిలోమీటర్లు కిందికి పోతే తిప్పొచ్చు."

"అది సరిహద్దు అవతలే కదా. వద్దులే."

చౌకీకి పాలు పోసి తిరిగి వెళుతున్న వ్యాను ఒకటి ఉంది. మాస్టారు నేనూ వస్తానని వ్యాను తలుపు పట్టుకున్నాడు. ముందున్నది ఒకటే సీటు. "మీరు ఇక్కడే ఉండండి మాస్టారూ. మిమ్మల్ని కూడా వెతుక్కునే ఓపిక నాకు లేదు," అంది గైడు. కోపంగా అనలేదు. రైలు వేళలు చెప్పినట్టు చెప్పింది.

వ్యానువాడు దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ల మామగారు ఓసారి పెళ్లికూతుర్ని పెట్రోలు బంకు దగ్గర మర్చిపోయి వచ్చాడట. "దొరికిందా?" అని గైడు మర్యాదకు అడిగింది. "దొరికింది గానీ, ఆ పెళ్లికూతురు ఇప్పటికీ ఆయన బండెక్కదండీ." గైడు నవ్వాల్సిన చోట నవ్వింది. కిటికీలోంచి కొండ కనిపించింది. ఎత్తు గుర్తొచ్చింది, మీటర్లతో సహా.

నేతమ్మ ఇల్లు నాలుగింటికి వచ్చింది. గైడు మెట్లెక్కి మగ్గం ఉన్న గదిలోకి వెళ్లింది. పన్నెండో నంబరు మగ్గం వెనక పీట మీద, చీరకొంగు నడుముకు బిగించి కూర్చుని ఉంది. నేతమ్మ పక్కనే గోడకానుకుని ఉంది. ఆమె కళ్లలో శుక్లాలు పాలపొరలా కనిపిస్తున్నాయి. ఒకరి భాష ఒకరికి రాదు.

"అమ్మా, బస్సు వెళ్లిపోయింది," అంది గైడు.

"చప్పుడు విన్నాను." ఆవిడ తల ఎత్తలేదు. "నన్నెవరూ పిలవలేదు కదా."

"మీ నంబరు మీ ఆయన చెప్పేశారు."

"చెప్తారు." ఆవిడ వేళ్లు పడుగులో కదులుతున్నాయి, పోగు పట్టుకుని మెలితిప్పి ముడి వేస్తూ. "చూడండి, ఇటువైపు పడుగు పోగులు తెగిపోయి ఉన్నాయి. పాపం ఈవిడకి కనిపించట్లేదు. మీరు తెచ్చే జనమంతా ముందునుంచి ఫొటోలు తీసుకుపోతున్నారు. వెనక్కొచ్చి చూస్తే తెలుస్తుంది. ఇలాగే నేస్తే బట్టంతా జల్లెడే."

పంతొమ్మిదేళ్లలో గైడు కూడా మగ్గం వెనక్కి వెళ్లలేదు. ముందునుంచి చెప్పే ఉపన్యాసం ఆమెది. నాలుగు నిమిషాలు.

"అమ్మా, చౌకీ అయిదింటికి మూస్తారు. మీరు లేకపోతే ముప్పై ముగ్గురూ అక్కడే ఆగిపోతారు. నా పర్మిట్టు కూడా పోతుంది."

ఆవిడ మొదటిసారి తల ఎత్తి గైడు మొహం చూసింది. మిల్లులో బట్టను వెలుతురుకు పట్టి చూసినట్టు చూసింది. "ఇంకా పదకొండు పోగులున్నాయి. ఇప్పుడు లేస్తే కట్టినవి కూడా జారిపోతాయి. మీరు ఈ కొస పట్టుకుంటే తొందరగా అవుతుంది."

చెయ్యి పట్టుకుని లేవదీయొచ్చు. పోనీ, గట్టిగా ఒక మాట అనొచ్చు. పూర్వమైతే అనేది కూడా. గైడు నేల మీద కూర్చుని కొస పట్టుకుంది. దారం వేలికి చుట్టుకుని సన్నగా కోస్తుంటే, కోస్తోందని తెలిసింది. బయట వ్యానువాడు రెండుసార్లు హారను కొట్టాడు. పదకొండు పోగులకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నేతమ్మ చేత్తో పడుగంతా తడిమి చూసి, ఏదో అంది. గైడుకు ఆ భాష వచ్చు.

"ఏమంటోంది?" అడిగింది పన్నెండో నంబరు.

"రేపు కూడా రమ్మంటోంది."

ఆవిడ కొంగు విప్పుకుని లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. వ్యాను దారికి గొర్రెలు అడ్డం వచ్చాయి. చౌకీ చేరేసరికి అయిదూ ఏడు. అధికారి ముద్రను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "ఏడు నిమిషాలే గైడమ్మా, నాకు తెలుసు. కానీ పుస్తకం ముగించి సంతకం పెట్టేశాను. తెల్లారాక రండి," అన్నాడు. మాస్టారు భార్య దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చాడు. తిడదామని నోరు తెరిచి, ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, సంచిలో వేసుకుంది.

రాత్రి చౌకీ పక్క విశ్రాంతి గృహంలో, ఉన్న పద్నాలుగు మంచాల్లో పెద్దవాళ్లను పడుకోబెట్టి మిగతావాళ్లు బస్సులో సర్దుకున్నారు. మర్నాటి గ్రంథాలయం కార్యక్రమంలోంచి ఎగిరిపోయింది. ఆ పుస్తకాల కోసమే వచ్చానని ఇరవయ్యో నంబరు గొడవ పడ్డాడు. గైడు విని, నిజమేనండీ అంది.

టూరు ముగిసిన రోజు ఆఫీసులో ఆలస్యానికి ఒక ఫారం ఇచ్చారు. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది. డ్రైవరు బల్ల మీదికి వంగాడు.

"అక్కా, 'ప్రయాణికురాలు చెప్పకుండా ఆగిపోయింది' అని రాసెయ్. అబద్ధం కూడా కాదు. ఆవిడే చెప్పింది, కావాలంటే సంతకం పెడతానని."

"ఊఁ."

"ఊఁ కాదు, రాయి. పర్మిట్టు పోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్?"

ఆ రెండు గదుల్లో రోజంతా కూర్చోవడం ఎలాగో ఆమె ఇంకా ప్రయత్నించి చూడలేదు. టూరుకీ టూరుకీ మధ్య రెండు రాత్రులు నిద్రపోయి రావడమే. డ్రైవరు చెప్పిన వాక్యం బాగానే ఉంది. కానీ అది రాస్తే ఆవిడ సంతకం కోసం వెళ్లాలి, మాస్టారితో మాట్లాడాలి, మేనేజరు అడిగినప్పుడల్లా అదే మాట గుర్తుపెట్టుకుని చెప్పాలి. అంత ఓపిక లేదు. ధైర్యంతో కాదు, అలసటతోనే ఆమె పెన్ను తీసుకుంది.

"ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టలేదు. ఈ సీజన్లో ఏ టూర్లోనూ లెక్కపెట్టలేదు."

మేనేజరు రెండో వాక్యం దగ్గర ఆగాడు. "ఇది ఎవరడిగారమ్మా? మొదటిది చాలదూ? దీన్ని కొట్టేయొచ్చు."

"ఉండనివ్వండి సార్."

"తొమ్మిది టూర్లా?"

"తొమ్మిది."

ఆయన ఫారం పైఆఫీసుకు పంపే ట్రేలో వేశాడు. మైకు, జెండా, నంబర్ల పెట్టె కొత్త గైడుకు అప్పగించమన్నాడు. మంగళవారం బస్సుకు ముప్పై ఎనిమిది మంది ఉన్నారు.

శుక్రవారం సైకిళ్ల కొట్టు మీది గదులకు పైఆఫీసు ఉత్తరం వచ్చింది. పర్మిట్టు నిలిపివేత తొంభై రోజులు.