శాలువా ఒకరికి, ఇన్‌స్పెక్షన్ ఇంకొకరిది

మొన్న శుక్రవారం నేను చేసిన ఘనకార్యం వింటే మీ చేతిలో టీ గ్లాసు నిలవదు! ఉద్యోగం పోలేదు, అది ముందే చెప్తాన్నా. పరువు మాత్రం పోయింది.

మాది రాయదుర్గం పక్కన చిన్న బైబిల్ కాలేజీ. పాస్టర్లు కావాలనుకునే ఇరవై రెండు మంది చదువుతాండారు. నేను ఆఫీసు క్లర్కుని. ఇన్‌స్పెక్షన్ పాసైతేనే గుర్తింపు రెన్యూవల్, లేకుంటే కాలేజీకి తాళమే. ఈసారి కమిటీ ముఖ్యంగా చూసేది ఒకటే అంట: అన్ని రకాల మనుషులకూ చోటుందా, లేదా? అబ్బా, నాకు ఎంత హుషారొచ్చిందో! మా దగ్గర లేని రకమేది? విడపనకల్లు శనక్కాయల రైతు, జీన్స్ కుట్టే అక్కలు, బళ్ళారి కన్నడ పిల్లోళ్ళు! పెద్ద చార్టు రాసి గోడకు తగిలించినా: "అన్ని వయసులు, అన్ని భాషలు, ఆడా మగా సమానం!"

ప్రిన్సిపాల్ అయ్యగారు కమిటీ మెంబర్‌ని తీసుకురావడానికి బస్టాండుకు పోయినాడు. అంతలో గేటు దగ్గర ఒక పెద్దాయన. తెల్లగడ్డం, తెల్ల పంచె, చంకలో డైరీ. ఇంకెవరు, కమిటీనే! ఉరికినా. శాలువా కప్పినా, దండేసినా, అందరితో చప్పట్లు కొట్టించినా, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి టెంకాయ నీళ్ళిచ్చినా.

"ఇదంతా ఎందుకప్పా?" అన్నాడాయన మొహమాటంగా.

"మీ అట్లాంటి పెద్దోళ్ళు రావడమే మా అదృష్టం సార్!"

అప్పుడే భుజాన బ్యాగుతో ఒక చిన్న వయసు అమ్మాయి లోపలికొచ్చింది. "నమస్తే అండీ, నేను..."

"తెలుసులేమ్మా, కొత్త అడ్మిషన్! ఇన్‌స్పెక్షన్ నడుస్తాండాది. నోరు మెదపకుండా పోయి ఆ ఆడోళ్ళ లైన్లో నిలబడు. సార్ ఏమడిగినా నవ్వుతా ఉండు, చాలు."

ఆ అమ్మాయి నా చార్టు చూసింది, నన్ను చూసింది, నవ్వుకుంటా పోయి నిలబడింది. ఎంత బుద్ధిమంతురాలో అని నేను తెగ మురిసిపోయినా!

పది నిమిషాలకు అయ్యగారు చెమటలు కక్కుకుంటా వచ్చినాడు. "మేడం ఆటోలో ముందే వచ్చేసిందంట. యాడుండాదప్పా?"

"మేడమా? సార్ ఆడ కూర్చున్నాడు కదా అయ్యగారూ!"

అయ్యగారు కుర్చీ వైపు చూసి తల పట్టుకున్నాడు. "ఓరి నాయనో! ఆయన యోహాను తాత! రిటైరైన బస్సు కండక్టరు. నిన్న నువ్వు ఇంటికి పోయినాక ఫస్టియర్లో చేర్చుకున్నా!"

తాత దండ సర్దుకుంటా లేచినాడు. "ఈ కాలేజీలో కొత్తోళ్ళందరికీ ఇట్లే మర్యాద చేస్తారేమో అనుకుంటి."

అంతలో ఆడోళ్ళ లైన్లోంచి ఒక చెయ్యి లేచింది. "సార్, ఇప్పుడు మాట్లాడొచ్చా?"

నేను నోరు మెదపొద్దన్న ఆ అమ్మాయే మేడం! ఇరవై రెండు మంది చదువు నా నోటి దూల వల్ల ఆగిపోతుందని నిజంగానే ఏడుపొచ్చింది. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

మేడం మాత్రం గుర్తింపుకు సంతకం పెట్టింది! కింద ఒక ముక్క రాసింది: "విద్యార్థుల్లో ఏ లోటూ లేదు. క్లర్కు గారిని కూడా క్లాసులో కూర్చోబెట్టండి."

అయ్యగారు ఆ మాట తు.చ. తప్పలేదు. సోమవారం నుంచి రోజూ గంటసేపు నేనూ ఫస్టియర్ స్టూడెంటునే. నా పక్కన యోహాను తాత.

"ఏమన్నా అర్థం కాకపోతే భయపడకుండా నన్ను అడుగప్పా," అంటాడు. "నేను నీకు సీనియర్ని."