తలకు రుమాలు లేని ఫోటో

మా ఊళ్ళో చాటింపు వేసే కాక ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకుంటుండగా తీసిన ఫోటోను, ఆ అబద్ధం చెప్పించిన విత్తనాల కంపెనీయే తన పుస్తకంలో గొప్పగా అచ్చేసుకుంది. కింద "ఇంటింటికీ మా మాట చేర్చిన తొలి ప్రచారకుడు" అని రాసింది.

మొన్న ఎండాకాలంలో కాక బిడ్డ భూపాలపల్లి నుంచి ఫోన్ చేసింది. "అన్నా, మా బాపు గా కంపెనీ మనిషాయెనా? సచ్చినంక గిట్ల రాస్తరా?" అని ఏడ్చింది. ఆ పుస్తకాన్ని మహబూబాబాద్‌లో డీలర్ల మీటింగులో పంచారట, ఒకటి తెప్పించుకున్నాను. నేను బడికి పోయింది తక్కువ. బచ్చన్నపేటలో మా కిరాణం కొట్లో పొట్లాలు కట్టే కాగితాలే నా చదువు. సగం వార్త చదివాక మిగతా సగం ఎవరింటికి బెల్లంతో పోయిందో అని వెతుక్కున్న రోజులున్నాయి. అందుకే అచ్చయింది ఏదైనా చివరిదాకా చదువుతాను. పుస్తకమంతా కంపెనీలు ఏ దేశంలో జనంతో ఎట్లా మాట్లాడాయన్న చరిత్రే. అమెరికాలో పత్రికలవాళ్ళను పిలిచి కాగితం చేతికిచ్చేవారట. జపానులో తప్పు జరిగితే పెద్ద ఆఫీసర్లు కెమెరాల ముందు నడుం వంచుతారట. మన దగ్గరికొచ్చేసరికి ఒక డప్పు, ఒక ఫోటో. మనకు పద్ధతే లేనట్టు!

పద్ధతి ఉండేది. చాటింపు వేసే మనిషి తలకు రుమాలు చుట్టుకునేవాడు. చాటిన మాట తప్పయితే ఆ రుమాలు తీసి భుజాన వేసుకుని, అవే వాడలు తిరిగి, అదే డప్పుతో వెనక్కి తీసుకోవాలి. ఆ ఫోటో తీసిన ఏడు కంపెనీ మాట నమ్మి "గింజ గింజా మొలుస్తది" అని కాక చాటాడు. పత్తి చేలన్నీ బోసిగా మిగిలాయి. పదో రోజు కాక రుమాలు తీశాడు. జీపులో వచ్చిన కంపెనీ ఆయన అడ్డుపడ్డాడు.

"ఏంటయ్యా ఇది? మొలవకపోతే నీ తప్పేముంది?"

"గింజ మీది సారూ, గొంతు నాది. జర జరుగుండ్రి," అని కాక జీపు పక్కనుంచే డప్పు కొట్టుకుంటూ పోయాడు. మొలకల ఫోటోల కోసం కంపెనీ జనగామ నుంచి రప్పించిన ఫోటో ఆయనకు మొలకలు దొరకలేదు, డప్పు దొరికింది. నొక్కాడు. ఉత్త తల, భుజాన రుమాలు. మా ఊరివాళ్ళెవరు చూసినా చెప్తారు అది ఏ రోజో.

ఆ రాత తప్పని కంపెనీకి రాసిన నా మొదటి ఉత్తరానికి క్యాలెండర్ వచ్చింది. రెండోదానికి "మీ అభిమానానికి కృతజ్ఞతలు" అని కార్డు. "ఆయన పోయి ఎన్నేండ్లాయె, ఇగ ఊకోండ్రి," అన్నది మా ఇంటామె. ఊకోను. ఏళ్ళు గడిస్తే ఫోటో రంగు మారుతుంది కానీ అబద్ధం దానంతటది నిజం కాదు, ఎవరో ఒకరు నడిచొచ్చి తీసేదాకా అక్కడే ఉంటుంది. అచ్చులో క్షమాపణ వద్దు, మీ మనిషే వచ్చి మా పద్ధతిలో చెప్పాలి అని, రుమాలు సంగతంతా వివరించి మూడోసారి రాశాను. నిన్న జవాబు వచ్చింది. కంపెనీ ప్రచార విభాగం అధికారి చేత్తో రాసింది:

"అయ్యా, మీ ఉత్తరం పక్కన పెట్టుకుని ఫోటో మళ్ళీ చూశాను. ఆ తల మాలో ఎవరికీ కనబడలేదు. ఆదివారం వస్తాను. డప్పు నాకు రాదు, ఎవరితోనైనా కొట్టించండి. మాట నేనే చెప్తాను. ఏ వాడ నుంచి మొదలుపెట్టాలి?"