మా ఆవిడ మాటలు వినే కుర్రాడు

మా ఆవిడ మెడికల్ కాలేజీలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఆరో అంతస్తు ఆమెది. మనసు జబ్బుల డాక్టర్లు కూర్చునేది అక్కడే. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముళ్లను చంకన వేసుకుని పెంచింది. నాతో పెళ్లయ్యాక ఇద్దరు ఆడపిల్లలను పెంచి అత్తారిళ్లకు పంపింది. ఇంత చేసినా ఆమె నోట "అబ్బా" అన్న మాట నేను వినలేదు. ఏమడిగినా "ఏం లేదు" అంటుంది. వాళ్ల నాన్న పోయిన రోజు కూడా "ఏం లేదు, కంట్లో నలుసు పడింది" అంది.

అలాంటి మనిషి ఈమధ్య ఇంటికొచ్చి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ ఒక కుర్రాడి గురించే.

"ఎంత బాగా వింటాడనుకున్నావు! మధ్యలో అడ్డురాడు. గడియారం వంక చూడడు."

"వినడానికేముందే? గోడ కూడా వింటుంది."

"గోడ నా మొహంలోకి చూడదు కదా."

సంగతేమిటంటే, ఆ అంతస్తులో ఒక పెద్ద డాక్టరమ్మ ఉంది. మనసు జబ్బుల డాక్టర్లం అవుతామని ముందుకొచ్చే పిల్లలు ఏటా నలుగురైదుగురు ఉంటారట. వాళ్లను వెంటేసుకుని, రోగితో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో దగ్గరుండి నేర్పిస్తుంది. నిజం రోగుల దగ్గర తడబడకూడదని, ముందు ఎవరో ఒక మామూలు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రోగిలా నటించమంటుంది. అలా మా ఆవిడ వారానికోసారి చీపురు పక్కన పెట్టి ఉత్తుత్తి రోగి అవుతోంది. ఆమె ఎదురుగా కూర్చునేవాడే ఈ కుర్రాడు. గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడని అందరూ బక్కడాక్టరు అంటారు.

నేను టైల్స్ గోడౌన్‌లో పెట్టెలు మోస్తాను. సాయంత్రానికి నడుం పడిపోతుంది. ఇంటికొచ్చి నేనూ పెద్దగా మాట్లాడను, నిజమే. కానీ ఇన్నేళ్ల కాపురంలో నాకు చెప్పని మాటలు మొన్న మీసాలొచ్చిన వాడికి చెబుతుంటే ఎవడికైనా కడుపు మండదా? నాకు తిండి సయించలేదు.

"ఇంతకీ వాడికి ఏం చెబుతావే?"

"ఉత్తుత్తివే కదా. ఏదో ఒకటి."

"ఆ ఏదో ఒకటి నాకూ చెప్పు."

"నువ్వు ముందు నూనె రాయి. లిఫ్టు పాడైంది, మెట్లెక్కలేక మోకాళ్లు పీకేస్తున్నాయి."

రాశాను. రాస్తున్నంతసేపూ బక్కడాక్టరు పీక నొక్కుతున్నట్టే అనిపించింది.

ఒకరోజు ఆమే అంది. "రోగి ఇంట్లోవాళ్లతో మాట్లాడటం కూడా పిల్లలకు రావాలట. మొగుడి వేషానికి మనిషి కావాలంటున్నారు. వస్తావా?"

"ఇన్నేళ్లుగా ఆ వేషంలోనే ఉన్నాను కదా," అన్నాను. కానీ వాడి మొహం చూడాలని లోపల ఒకటే దురద. గోడౌన్‌లో పూట సెలవు అడిగి, దుమ్ము బట్టలతోనే వెళ్లాను. లిఫ్టు గుంయ్‌మంటూ పైకి తీసుకెళ్లింది. బాగుచేశారు కాబోలు అనుకున్నాను.

చిన్న గది. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేశారు. మాట్లాడేవాళ్లకు తప్పనిసరిగా మొహంలోకి చూడాల్సిన బాధ ఉండకూడదట. మిగతా పిల్లలు గోడవారగా కూర్చున్నారు. డాక్టరమ్మ వెనక కూర్చుంది. బక్కడాక్టరు నాకు నమస్కారం పెట్టాడు. మర్యాదస్తుడు. అది ఇంకా మండింది.

"చెప్పండమ్మా," అన్నాడు మా ఆవిడతో. అంతే. ఇంక నోరెత్తలేదు.

మా ఆవిడ చెప్పుకుపోయింది. కరెంటు పోయి ఒంటరిగా లిఫ్టులో ఇరుక్కుందట. అరిచినా ఎవరికీ వినబడలేదట. అప్పటినుంచి ఆ తలుపు చూస్తే చాలు, గుండె దడదడలాడుతుందట. బకెట్టు మోసుకుంటూ మెట్లమీదే తిరుగుతోందట.

"మరి ఇంట్లో ఏం చెప్పారు?"

"లిఫ్టు పాడైందని చెప్పాను."

నేను ఎగిరిపడ్డాను. "ఓసినీ! ఇప్పుడు నేను లిఫ్టులోనే కదే వచ్చింది! మరి ఇన్నాళ్లూ నీ మోకాళ్లకు నూనె రాసిన నేనెవరిని?"

గోడవారగా ఉన్న పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. బక్కడాక్టరు మెచ్చుకోలుగా తలూపాడు. "బాగా చేస్తున్నారు బాబాయ్. కోపం అచ్చం నిజంలాగే ఉంది."

"నిజంలాగేంటయ్యా? నిజమే!"

డాక్టరమ్మ లేచి వచ్చింది. "ఇదంతా నీ సొంత బాధేనా అమ్మా?"

"ఉత్తుత్తిది చెప్పమన్నారు. నాకు కల్పించడం రాదు మేడమ్. కల్పించింది గుర్తుండి చావదు. అందుకని నాదే చెప్పేశాను."

డాక్టరమ్మ కుర్రాడి వైపు తిరిగింది. "ఇన్ని వారాలు విన్నావు. ఇది మీ సొంతమా అని ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

వాడి మొహం మాడిపోయింది. "బాగా చెబుతున్నారు కదా అని... వింటూ ఉండిపోయాను మేడమ్."

నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది. అదీ ఎంతసేపు?

"అబ్బాయినేం అనకండి," అంది మా ఆవిడ. "ఇంట్లో చెప్పుకోలేనిది ఇక్కడ చెప్పుకున్నాను."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేస్తావు? ఈమాత్రానికి భయమేంటని రెక్క పట్టుకుని లాక్కెళ్లి లిఫ్టులో పడేస్తావు."

అప్పటికి నా బుర్రలో ఉన్నది సరిగ్గా అదే.

ఇక నటన చాలని, తానే వైద్యం చేస్తానని డాక్టరమ్మ చెప్పింది. లిఫ్టులో ముందు ఒక్క అంతస్తు, అలవాటయ్యాక ఇంకొకటి, అలా భయాన్ని అరగదీయాలట. "పక్కన ఒక మనిషి ఉండాలి. లాగకూడదు, తొయ్యకూడదు, 'ఏం కాదులే' అనకూడదు. ఎవరు కావాలమ్మా?"

"అబ్బాయి."

నా వైపు చూడనైనా చూడలేదు.

"వచ్చే నెల ఈ అబ్బాయి వేరే వార్డుకు వెళ్లిపోతాడు. ఇంటి మనిషైతే మేలు."

"ఈయనకు రాదు మేడమ్."

"నువ్వు నేర్పించు," అంది డాక్టరమ్మ వాడితో. "అదీ నీ చదువులో భాగమే."

అలా నేను వాడి దగ్గర శిష్యరికం చేయాల్సొచ్చింది. వరండాలో బల్లమీద కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"లిఫ్టంటే నాకు భయం అనుకోండి బాబాయ్. మీరేం చేస్తారు?"

"నిన్ను లోపలికి తోసి నేను మెట్లమీద వస్తాను."

వాడు పగలబడి నవ్వాడు. నవ్వాక నెమ్మదిగా అన్నాడు. "మా నాన్న కూడా ఇంతే. పిచ్చి డాక్టరువి అవుతావా, ఎవడిస్తాడురా నీకు పిల్లని అంటారు. నేను జవాబు చెప్పేలోపే లేచి వెళ్లిపోతారు."

పాపం అనుకోబోయాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి వాడికిచ్చింది. నాకు తేలేదు. పాపం కాస్తా గొంతులోనే ఆగిపోయింది.

అయినా నేర్చుకున్నాను. ఆమె కంటే ముందు నడవకూడదు. ఆమె వద్దంటే మళ్లీ రేపు. మాట్లాడితే వినాలి, లేకపోతే ఊరుకోవాలి. పెట్టెలు మొయ్యడమే నయం.

మొదటిసారి లిఫ్టెక్కాల్సిన రోజు ముగ్గురం కింద లిఫ్టు ముందు నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. ఆమె కదల్లేదు. "ఏం కాదే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుటక వేశాను. వాడు చూశాడు, చిన్నగా తలూపాడు. నీ మెచ్చుకోలు ఎవడికి కావాలిరా అనుకున్నాను.

"ఏవయ్యా," అంది ఆమె. "ఆ రోజు లోపల అరిచింది నీ పేరే. నువ్వు గోడౌన్‌లో ఉన్నావని తెలుసు. అయినా అరిచాను."

నేర్చుకున్నదాంట్లో దీనికి జవాబు లేదు. "ఊఁ" అన్నాను.

ఆమె లోపల అడుగు పెట్టింది. మేమూ ఎక్కాం. తలుపు మూసుకోగానే ఒక చేత్తో వాడి తెల్లకోటు, ఒక చేత్తో నా చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుంది. లిఫ్టు కదిలింది. ఎవరిని గట్టిగా పట్టుకుందోనని నేను ఓరగా చూశాను. వాడి కోటుకు రెండు మడతలు పడ్డాయి. నా చొక్కా అయితే గుండీ ఊడేలా ఉంది.