కుడి కన్నా, ఎడమ కన్నా?

ఒక కంటి ఆసుపత్రిలోని రోగులందర్నీ ఒక్క పూటలో మాయం చేసిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు మీరు హాయిగా నవ్వుకోవచ్చు; ఆ రోజు మాత్రం ఏసీ గదిలో నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

ఉద్యోగంలో చేరి ఏడాది. మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఆ ఆసుపత్రి రికార్డులుండే డేటాబేస్‌కి కొత్త వెర్షన్ ఎక్కించే పని ఒక ఆదివారం పొద్దున నాకు అప్పగించారు. మా సీనియర్ స్వరూపక్కది సిద్దిపేట. "అయినంక నాకు సూపెట్టు, అప్పుడే వాళ్లకు చెప్పు" అని టిఫినుకు కిందికి వెళ్లింది.

వెర్షన్ ఎక్కింది. తెర మీద ఒక్క ఎర్ర గీత లేదు. ఇంత చక్కటి పనికి చూపెట్టడం కూడానా అని, ఆసుపత్రికి "రెడీ" అని మెసేజ్ కొట్టేశాను.

పది నిమిషాల్లో ఫోన్. అక్కడ రికార్డులు చూసే సత్యనారాయణ గారు.

"బాబూ, ఇక్కడ ఒక్క పేషెంటూ కనపడట్లేదండి."

"పేజీ మళ్లీ తెరవండి సార్."

"నాలుగుసార్లు తెరిచానండి. సున్నా అంటోంది. లోపల పెద్దాయన ఆపరేషన్ బల్ల మీదున్నారు. కుడి కన్నో ఎడమ కన్నో రికార్డు చూడందే డాక్టరు గారు ముట్టుకోరు."

"ఆయన్నే అడగండి సార్!"

"అడిగామండి. రెండూ కనపడవంటున్నారు."

నాకూ కళ్లు బైర్లు కమ్మాయి. డేటాబేస్ తెరిచి చూస్తే నిజంగానే ఖాళీ. కొత్త వెర్షన్ ఆసుపత్రిని మింగేసిందనుకున్నాను. నిన్న దాచిన బ్యాకప్‌ని తిరిగి ఎక్కిద్దామంటే సర్వర్‌లో చోటు లేదు. వెతగ్గా, పాత వెర్షన్ పేరుతో ఒక పెద్ద ఫోల్డర్ దొరికింది. పాత వెర్షనే పోయాక దీనికేం పని? తీసేస్తే బోలెడంత చోటు. డిలీట్ కమాండ్ టైపు చేసి, ఎంటర్ మీద వేలు పెట్టాను.

"ఆగు! ఏం తీసేస్తున్నవ్?" వెనక స్వరూపక్క.

"పాత చెత్త అక్కా."

"ముందుగాల వేలు తియ్."

తీశాను. ఆవిడ ఆ ఫోల్డర్ తెరిచింది. రోగులంతా అందులోనే ఉన్నారు! కొత్త వెర్షన్ తనకంటూ ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని దాన్నే చూస్తోంది. డేటా ఎక్కడుందో చెప్పే దారిని సెట్టింగ్స్‌లో మార్చాల్సింది నేనే, మార్చలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, చంకలో ఈ బరువేమిటని పిల్లను బావిలో వేయబోయాను.

గబగబా దారి మార్చాను. సర్వర్ లేవలేదు.

"ఫైలే లేదంటోంది అక్కా!"

"పరేషాన్ గాకు. జర సక్కగ సూడు, ఒక అక్షరం మింగినవ్."

ఈలోగా మళ్లీ ఫోన్. "బాబూ, పెద్దాయన లేచి కూర్చుని ఇంటికెళ్తానంటున్నారండి!"

అక్షరం చేర్చి సర్వర్‌ని మళ్లీ లేపాను.

"వచ్చారండీ, అందరూ వచ్చేశారు! ఎడమ కన్నండి, ఎడమ కన్ను!"

కుర్చీలో కూలబడ్డాను. అక్క తిట్టలేదు. "ఏమైందో రిపోర్టు రాసి అందరికి పంపు" అంది, అంతే. మూడు పేజీలు రాశాను. ఫైళ్ల దారుల విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో అందులో అందరికీ బోధించాను. లింకు పెట్టి మెయిల్ పంపాను.

రెండు నిమిషాల్లో అక్క నా బల్ల దగ్గరికొచ్చింది.

"రిపోర్టు ఏడుంది? లింకు నొక్కితే ఫైలు లేదంటుంది."

కనుక పాఠకులారా, ఈ రెండు చేతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: విప్పి చూడకుండా ఇకపై చిప్స్ ప్యాకెట్ కూడా పారేయను. ఇక లింకులంటారా, అవి అక్కే పంపుతుంది.