నెల తప్పకముందు మాత్ర

2008 జూన్‌లో సీనియర్ ఆరోగ్య సహాయకురాలిగా కర్ణాటకలోని బాగేపల్లి తాలూకాకు బదిలీ అయ్యాను. ఉపకేంద్రాల నర్సుల పనిని పర్యవేక్షించడం నా బాధ్యత. జిల్లా కేంద్రం చిక్కబళ్లాపురంలో జరిగిన సమావేశంలో ఇంకో పని కూడా అప్పగించారు. వెన్నెముక సరిగా మూసుకోక, వీపున నీటితిత్తితో పుట్టే శిశువుల గురించి ఊళ్లలో తెలియజెప్పాలి. ఈ లోపం గర్భం నిలిచిన తొలి వారాల్లోనే ఏర్పడుతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర దాన్ని చాలావరకు నివారిస్తుంది గాని, నెల తప్పకముందు నుంచే మింగాలి. ఆ పల్లెల్లో దిష్టి భయంతో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు. మా దగ్గర పేరు నమోదయ్యేసరికి ఆ అదను దాటిపోయేది.

పరగోడు అనే ఊళ్లో మంజుల తొలి బిడ్డ ఈ లోపంతోనే పుట్టి చనిపోయింది. మళ్లీ బిడ్డను కనాలనుకున్న ఆమెకు డాక్టరు ఎక్కువ మోతాదు మాత్రలు రాశారు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మళ్లీ వెళ్లేసరికి అవి పేడదిబ్బలో ఉన్నాయి. అత్త నారాయణమ్మ గడపలోనే నిలదీసింది.

“కడుపు లేనిదానికి మాత్రలేందమ్మా? పిల్లోళ్లు కాకుండా చేస్తాండావా?”

ఆమె అనుమానం అకారణం కాదు. గర్భిణులు కాని కోడళ్లకు మా నర్సులు అంతవరకు ఇచ్చినవి కుటుంబ నియంత్రణ మాత్రలే. ఇవి పుట్టబోయే బిడ్డ వీపు కోసమని చెప్పాను.

“కడుపే రాలేదు, ఈపు యాడనుంచి వచ్చె? ఎవురు జేసిన పాపమో అది. మాత్రకు పోతాదా?”

బైబిలు వాక్యంలో పెరిగి, చర్చి సంఘంలో స్త్రీలకు బోధించినదాన్ని. ఎవరి పాపానికో దేవుడు పసిబిడ్డ వీపు చీల్చడని గట్టిగానే చెప్పాను. తరువాత, వేరుసెనిక్కాయ విత్తనానికి తెగులు రాకుండా మందు ఎప్పుడు పట్టిస్తారని అడిగాను.

“ఇత్తకముందే” అంది. చెయ్యి చాపింది. “అట్లయితే నా చేతికియ్యి. అది తల్లో పువ్వు పెట్టుకునిందే మరిసిపోతాది.”

“నీ కండ్లద్దాలు రోజూ ఎతికిచ్చేది నేనే గదత్తా!” అని మంజుల లోపలినుంచి అంది.

ఆనాటినుంచి అత్తే రోజూ ఎదుట నిలబడి మింగించింది. మరుసటి ఏడు మంజుల చింతామణిలో, పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో ప్రసవించింది. నేను వెళ్లేసరికి నారాయణమ్మ కూడా అప్పుడే వచ్చింది. ఆడో మగో అడగకుండా బిడ్డను బోర్లా తిప్పి, మెడ నుంచి నడుము దాకా అరచేత్తో తడిమింది. వీపు నున్నగా ఉంది.

ఆ మాత్ర ప్రతి బిడ్డనూ కాపాడుతుందని నేనెన్నడూ చెప్పలేదు. ఈ బిడ్డ కోసం దేవునికి స్తోత్రం చెల్లించాను. ఇంట్లో ఎక్కువ భయపడే మనిషిని పక్కనబెట్టి ప్రచారం చేస్తే పని జరగదని నేర్చుకున్నాను. ఆ తరువాత శిక్షణలో నర్సులకు మొదట చెప్పేది ఇదే: కోడలికి మాత్ర ఇచ్చేముందు అత్తతో కూర్చోండి.